సున్నపు మైసమ్మ

మా ఆయనకు ఏ వస్తువునూ పారెయ్యడం చేతకాదు. విరిగిన గొడుగు కమ్మీలు చిక్కుడు పాదుకు ఊతమవుతాయి. చిరిగిన పంచె మొదట పక్కబట్ట అవుతుంది, తర్వాత మసిగుడ్డ, చివరికి దీపం వత్తి. ద్రాక్షారామం నుంచి మా అమ్మ చూడ్డానికి వచ్చినప్పుడు ఈ వైభవమంతా చూసి, "నిన్ను కూడా అరిగేదాకా వాడుకుంటాడే తల్లీ" అని నవ్వింది. ఆయన పేరు నేను పలకను, మా ఇళ్లలో అలవాటు లేదు. ఇంకొకరు పిలిచినప్పుడు మీకే తెలుస్తుంది. సర్కారు ఉద్యోగం, ఇంజనీరు, నిజాయితీపరుడు. చెప్పిన మాట వినడు.

అలాంటి మనిషి చేతికి మూతబడిన సున్నం బట్టీ ఒకటి వచ్చిందంటే ఇక చెప్పేదేముంది?

మదీనాగూడ దాటి, చందానగర్ ఇంకా రాకముందు, బొంబాయి రోడ్డు వదిలి ఎడమ పక్కకు పోతే ఉండేది ఆ బట్టీ. తాండూరు నుంచి సున్నపురాయి రైల్లో లింగంపల్లికి వచ్చేదట, అక్కడి నుంచి ఎడ్లబండ్ల మీద ఇక్కడికి చేరేదట. అరవై తొమ్మిది గొడవల్లో మూతబడి మళ్లీ తెరుచుకోలేదు. యజమానులు అమ్ముకుని ఎటో పోయారు. డెబ్బై రెండులో మా ఉద్యోగుల గృహనిర్మాణ సంఘం ఆ స్థలం కొన్నది. చుట్టూ బండరాళ్లు, సీతాఫలం పొదలు, మధ్యలో నల్లబడ్డ పొగగొట్టం. ఇక్కడ కాపురం పెట్టాలా అని నాకు ఏడుపొచ్చింది.

సంఘానికి అధ్యక్షుడు పార్థసారథి గారు. సర్కారు కొలువులో రిటైరైన పెద్దమనిషి. నుదుట నామం, నోట శ్లోకం, ఎదుటివాడు ఒప్పుకునేదాకా వదలని గొంతు. మొదటి రోజే ఆయన, "ఈ దరిద్రమంతా పడగొట్టి చదును చేయించేద్దామండీ భీమేశ్వరరావు గారూ" అన్నారు.

"ఒక్క ఇటుక పారేసినా నేను ఒప్పుకోను" అన్నారు మా ఆయన.

పొగగొట్టం విప్పి ఆ ఇటుకలతో ఇళ్ల గోడలు కట్టాలి. మట్టి తవ్విన పెద్ద గొయ్యిలోకి వాననీళ్లు మళ్లించి కుంట చెయ్యాలి. మూలన పడి ఉన్న గానుగ బాగుచేసి ఎద్దును కట్టి సున్నం రుబ్బించాలి. ప్రతి ఇంటి ముందూ ఒక పండ్ల చెట్టు. ఇదీ ఆయన లెక్క. సిమెంటు కోసం పర్మిట్లు పట్టుకుని జనం ఆఫీసుల చుట్టూ తిరుగుతున్న రోజులు అవి. "గుంటల్లో ఇంత సున్నం మాగి ఉంటే సిమెంటు దేనికండీ? పాత సున్నం అంటే పాత నెయ్యి" అని ఆయన వాదిస్తుంటే వినేవాళ్ల నోళ్లూరేవి.

ఆ గుంటల సంగతి కొంచెం చెప్పాలి. బట్టీ నోటి దగ్గర ఒక పెద్ద గుంట. కాల్చిన రాయి అందులో వేసి నీళ్లు వదిలితే సలసలా ఉడికి పగిలి ముద్దవుతుంది. ఆ ముద్దను తోడి వెనక వరుసలో ఉన్న గుంటల్లో నింపి మాగబెడతారు. మేము వచ్చేసరికి వెనక గుంటలు నిండుగా, పైన పెచ్చు కట్టి ఉన్నాయి. ముందున్న ఉడికే గుంటను మాత్రం ఎవరో మట్టితో పూడ్చేశారు. ఎందుకు పూడ్చారో ఎవరూ పట్టించుకోలేదు.

సీతాబాయి ఆ స్థలంతో పాటే మాకు వచ్చింది. బట్టీ కూలీల గుడిసెల్లో మిగిలిన ఒకే ఒక్క గుడిసె ఆమెది. బట్టీ నడిచిన రోజుల్లో బావి నుంచి గుంటలకు నీళ్లు మోసేదట. అందరూ వెళ్లిపోయినా ఆమె వెళ్లలేదు. ఖాళీ చేయించాలని పార్థసారథి గారు, ఎందుకు, మొక్కలకు నీళ్లు పోస్తుంది ఉండనివ్వండని మా ఆయన. మనుషుల్ని పారెయ్యడం కూడా మా ఆయనకు చేతకాదని ఆ రోజు తెలిసి, చెప్పొద్దూ, నాకు ముచ్చటేసింది.

రూపాయి కాసంత బొట్టు, చేతుల నిండా మట్టిగాజులు. మొగుడు మాత్రం లేడు. ఎవతెనో తీసుకుని షోలాపూర్ పారిపోయాడని చుట్టుపక్కల చెప్పుకునేవాళ్లు. ఒకరోజు ఊరికే అడిగాను.

"మీ ఆయన పేరేమిటి సీతాబాయీ?"

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఎట్ల చెప్తనమ్మా? మొగని పేరు నోట్లకెల్లి తీస్తే ఆయుష్షు తగ్గదా? నువ్వు చెప్తవా సారు పేరు?"

"చచ్చినా చెప్పను" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఎగేసుకుని పోయిన మొగుడి ఆయుష్షు గురించి దీనికెంత బెంగ అని లోపల కోపం కూడా వచ్చింది.

మా ఇల్లే మొదట లేచింది. చందానగర్ నుంచి సాయిలు మేస్త్రీ తన కూలీలతో వచ్చి వెనక గుంటలు ఒక్కొక్కటే తోడించాడు. గట్టి మనిషి, మాట తక్కువ, పని ఎక్కువ. ఆంధ్రావాళ్లు, తెలంగాణావాళ్లు అని ఊళ్లో మళ్లీ గొడవలు రేగిన ఆ చలికాలంలో కూడా ఒక్కరోజు పని మానలేదు. అలా తోడిస్తుంటే ఒక గుంట అడుగున ఎముకలు వచ్చాయి.

మా ఆయన గానుగ దగ్గర ఉన్నారు. సాయిలు అక్కడికే వచ్చి చెప్పాడు. "ఏదో దూడ పడ్డట్టుంది సారూ. బొక్కలెల్లినయి. అవుతల పారేయిస్త."

"పారెయ్యడమేమిటయ్యా! ఎముకల ఎరువు బజార్లో కొంటున్నాం. గానుగలో నలిపించి మొక్క గుంటలో వేయించు" అన్నారు మా ఆయన, వెనక్కి తిరిగి చూడకుండానే.

సాయిలు కాసేపు నిలబడి, సరే సారూ అని వెళ్లాడు. ఆ తెల్లటి పొడి మా ఇంటి ముందు జామ మొక్క గుంటలోకి వచ్చింది. మొక్క పెట్టి మన్ను పూడ్చింది సీతాబాయే. "పాపం, ఏ తల్లి దూడనో. గుడ్డి కొడుకులు సూస్కోకుండ పడనిచ్చిండ్రు" అంటూ పాదు చేసింది. నేను గుమ్మంలో నిలబడి, దూడ మీద కూడా జాలి చూపించే ఈ పిచ్చిదాన్ని ఎలా వదిలిపోయాడో ఆ మొగుడు, అనుకున్నాను.

వెనక గుంటలన్నీ ఖాళీ అయ్యాక ముందు గుంట మీదికి వచ్చింది పని. పైన మట్టి తీసేస్తే కింద సున్నం ఉండక తప్పదని మా ఆయన అంచనా. సోమవారం మొదలుపెడదామన్నారు. సోమవారం పొద్దున కూలీలు పోయి చూస్తే ఆ మట్టి మీద ఒక రాయి నిలబడి ఉంది. పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, చుట్టూ వేపమండలు గుచ్చి ఉన్నాయి. పక్కన సీతాబాయి జుట్టు విరబోసుకుని ఊగుతోంది.

"మైసమ్మనురా! సున్నంల కాలిన! ఇగ ఈడనే ఉంట! గడ్డపార పెడితే కండ్లు పోతయిరా!"

కూలీలు పారలు కింద పడేసి దండాలు పెట్టారు. సాయిలు కూడా చెప్పులు విప్పాడు. మా ఆయన తల పట్టుకున్నారు. ఎంత చెప్పినా ఆ గుంట జోలికి ఒక్కడు పోలేదు. మూఢనమ్మకం, మంచి సున్నం మట్టిపాలైందని ఆయన వారం రోజులు గొణిగారు. నాకు మాత్రం సీతాబాయి ఊగుతున్నప్పుడు దాని కళ్లు చూశాక అనుమానం తగిలింది. పూనకం వచ్చినవాళ్ల కళ్లు నేను గోదావరి జాతర్లలో బోలెడు చూశాను. ఇవి అవి కావు. బెదిరిపోయిన కళ్లు.

ఒక మధ్యాహ్నం ఎండలో ఎవరూ లేనప్పుడు ఆ రాయి దగ్గరకు వెళ్లాను. సీతాబాయి గొంతుక్కూర్చుని ఉంది. జొన్నరొట్టె, మిరపకాయ తొక్కు ఆకులో పెట్టి, పక్కన ఒక చుట్ట ముట్టించి ఆనించింది.

"మైసమ్మకు చుట్ట అలవాటుందా సీతాబాయీ?" అన్నాను, కొంచెం ఎకసెక్కంగానే.

ఉలిక్కిపడి లేచింది. చుట్టూ చూసింది. నా కాళ్లు పట్టుకుంది. "నీ పసుపుకుంకాల మీద ఒట్టమ్మా. ఎవ్వరికి చెప్పకు. మా ఇంటాయన ఈడనే ఉన్నడు."

అక్కడే కూలబడ్డాను. ఏడవకుండా, గట్టిగా కాకుండా, చెప్పుకుంటూ పోయింది.

బట్టీ మూతబడడానికి కొద్ది రోజుల ముందు జరిగిన సంగతి అది. రాయి తోసే మొగుడు కాలు జారి ఉడుకుతున్న గుంటలో పడ్డాడు. ఆ రోజు ఆమెకు జ్వరం, గుడిసెలో పడుకుని ఉంది. పక్కనే పనిచేస్తున్న రామన్న కళ్లారా చూశాడు. పరుగెత్తుకొచ్చి ఆమె చెవిలో చెప్పి, బట్టీ మేనేజరు మనుషులు తనను కూడా ఏం చేస్తారోనని ఆ క్షణమే ఊరు విడిచిపోయాడు. ఆమె లేచి పోయేసరికి గుంట చుట్టూ కర్రలు పట్టుకున్న మనుషులు నిలబడి ఉన్నారు, దగ్గరికి రానివ్వలేదు. రెండు రోజుల తర్వాత చూస్తే గుంట పూడ్చి ఉంది. శవాన్ని కళ్లతో చూడలేదు కనుక బొట్టు, గాజులు తియ్యలేదట.

"ఠాణాకు పోలేదా?"

"పోయిన. ఎవతెనో లేపుకపోయిండు, నువ్వు సక్కగుంటే ఎందుకు పోతడు అని నవ్విండ్రు." ఒరిగిన చుట్టను మళ్లీ రాయికి ఆనించింది. "నీళ్లు, నీళ్లు అని మొత్తుకున్నడట అమ్మా. మీద నీళ్లు పోస్తే సున్నం ఇంకింత ఉడుకుతదని ఒక్కడు గూడ పొయ్యలే. నేను నీళ్లు మోసేదాన్ని. నేనుంటే పోద్దునేమో. ఏమైతే గది అయితుండె."

"పోనీ ఇప్పుడు తవ్వించి, తీసి, దహనం చేయిద్దామే. మా వారికి చెబుతాను" అన్నాను.

"వద్దు! చిమ్నీ ఇప్పిండ్రు, ఇటుకలు ఏరుకున్నరు. గుంతలు తోడి గోడలకు పూసిండ్రు. మా ఆయనను గూడ గంపల ఎత్తుకపోయి ఏడనో పారబోస్తరు. దిక్కులేనిదాని మాట ఎవలింటరమ్మా? మైసమ్మ అంటే ఇంటరు. ఈడ పండుకున్నడు. పండుకోనియ్యిండ్రి."

ఇంటికి వచ్చి తలుపు వేసుకుని ఏడ్చాను. మా ఆయనకు చెప్పలేదు. ఒట్టు వేసినందుకు కాదు. ఆయన దేన్నైనా కళ్లతో చూస్తే తప్ప నమ్మరు. చెబితే తవ్వి చూస్తారు.

ఇదిక్కడితో ఆగిపోతే బాగుండేది. మరుసటి ఎండాకాలం పాత బావి ఎండిపోయింది. అప్పటికి ఇళ్లు చాలా లేచాయి, జనం చేరారు, బిందెల దగ్గర జుట్లు పట్టుకోవడాలు మొదలయ్యాయి. కొత్త బావి తవ్విస్తే బండ మీద బండ తగిలింది. పార్థసారథి గారు విసిగిపోయి, ఆ రాయి ముందు కొబ్బరికాయ కొట్టి, నీళ్లు పడితే గుడి కట్టిస్తానని మొక్కుకున్నారు. రాయి పగలగొట్టేవాళ్లు మందు పెట్టి పేల్చిన మర్నాడు ఊట వచ్చింది. మందు పెట్టి పేలిస్తే ఊట రాక ఏమవుతుందని మా ఆయన అన్నారు గానీ ఆ సంబరంలో ఎవరికి వినిపిస్తుంది?

అప్పట్నుంచి సున్నపు మైసమ్మకు గిరాకీ పెరిగింది. ఆషాఢంలో బోనాలు తీశారు. పిల్లలకు తట్టు పోస్తే మొక్కులు, మొగుళ్లకు ట్రాన్స్‌ఫర్ ఆగిపోవాలని మొక్కులు. భెల్ ఉద్యోగుల భార్యలు కూడా బస్సు దిగి వచ్చేవాళ్లు. సీతాబాయి మొదట సంతోషించింది. ఇంతమంది దండం పెడుతున్న చోట ఎవడు తవ్వుతాడు? చీకూ చింతా లేకుండా మొక్కలకు నీళ్లు పోసుకునేది. మా జామ చెట్టు అయితే గుమ్మం ఎత్తు దాటి ఏపుగా లేచింది. కాలనీలో ఇంకే మొక్కా అలా పెరగలేదు. దాని దగ్గరికి వచ్చేసరికి సీతాబాయి ఇంకో బిందె ఎక్కువ పోసేది. "దూడ బలమమ్మా" అనేది.

డెబ్బై నాలుగు ఆషాఢం దగ్గర పడుతుండగా పార్థసారథి గారు మొక్కు తీర్చుకోవడానికి సిద్ధమయ్యారు. నాలుగు స్తంభాల గుడి, పైన గోపురం. సిద్ధాంతి గారిని పిలిపించారు. రాయి తీసి పక్కన పెట్టి, కింద నిలువెత్తు గొయ్యి తవ్వి, శుద్ధి చేసి, నవధాన్యాలు పోసి పునాది వెయ్యాలని ఆయన సెలవిచ్చారు.

సీతాబాయి పరుగెత్తుకుంటూ పోయింది. "మైసమ్మకు గుడి వద్దు సారూ! ఎండకు, వానకు ఉంటది తల్లి! గా కప్పు కింద ఊపిరాడది!" అంది. ఎవరూ వినలేదు. మళ్లీ జుట్టు విరబోసుకుని ఊగింది. ఈసారి చెప్పులు విప్పినవాడు లేడు. "దానికి కల్లు ఎక్కువైందండీ, పక్కకు తీసుకుపొండి" అన్నారు పార్థసారథి గారు. అమ్మవారు చేతులు మారిపోయింది. నిలబెట్టినదాని మాట అమ్మవారి విషయంలో ఇక చెల్లదు. ఆ భక్తుల మొహాలు చూస్తుంటే నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ సాయంత్రం ఒట్టు తీసి గట్టున పెట్టి మా ఆయనకు అంతా చెప్పాను. అన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. చెయ్యి కడుక్కుని నేరుగా పార్థసారథి గారింటికి వెళ్లారు. తిరిగి వచ్చి అరుగు మీద కూర్చున్నారు.

"ఏమన్నారండీ?"

"నిజమైతే శవం మీద అమ్మవారి గుడి కట్టకూడదు, తవ్వి తీరాలి అన్నారు. అబద్ధమైతే తవ్వడానికి భయమెందుకు అన్నారు. ఎటు చూసినా తవ్వడమే." నా వైపు తిరిగి, "నేను దగ్గర ఉండి తవ్విస్తానే. ఒక్క ఎముక ముక్క కూడా పోనివ్వను. ఆమె చేతికే ఇప్పిస్తాను. దహనం ఖర్చు మనది" అన్నారు.

నేనే వెళ్లి సీతాబాయికి చెప్పాను. నన్ను తిడుతుందనుకున్నాను. గుడిసె గోడకు ఆనుకుని కూర్చుంది. తర్వాత, "సారు దగ్గరుంటడా?" అని అడిగింది.

"ఉంటారు."

"పారెయ్యరు గద?"

"మా ఆయన సంగతి నీకు తెలియదా? దేన్నీ పారెయ్యరు" అన్నాను. ఆ మాట ధైర్యం కోసమే అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా నాలుక నాకే చేదుగా ఉంటుంది.

మర్నాడే చందానగర్ అంగడికి పోయి కొత్త కుండ, కొత్త తెల్లగుడ్డ కొనుక్కొచ్చుకుంది. ఇన్నేళ్లకు మొగుడు చేతికి దొరకబోతున్నాడు. భయం పోయి మొహంలో ఒక తొందర వచ్చింది, పెళ్లివారి రాక కోసం చూసేవాళ్ల తొందర. "పైకమంతా పెట్టి దినాలు చేస్తనమ్మా. పది మందికి కూడు పెడ్త. ఎవతెనో లేపుకపోయిండన్నోళ్లను గూడ పిలుస్త" అంది.

తవ్వే రోజు పొద్దున్నే కాలనీ అంతా చేరింది. సిద్ధాంతి గారు మంత్రాలు చదివి రాయిని పక్కకు జరిపించారు. సాయిలు మేస్త్రీ, అతని కూలీలు దిగారు. మా ఆయన గొయ్యి అంచునే గొంతుక్కూర్చున్నారు. సీతాబాయి కుండ ఒళ్లో పెట్టుకుని ఎదురుగా కూర్చుంది. మట్టి వచ్చింది. మట్టి అయిపోయి తెల్లగా సున్నం తగిలింది. మా ఆయన పారలు ఆపించి చేతులతో తియ్యమన్నారు. ముద్ద ముద్దా చిదిమి చూస్తూ పక్కన పోశారు. సూర్యుడు నడినెత్తికొచ్చాడు. చివరికి అడుగు గోకిన సాయిలు పార కింద పరిచిన నాపరాయికి తగిలి ఖంగుమంది.

ఏమీ లేదు. పిడికెడు ఎముక కూడా లేదు.

"చూశారా! ఎవరో పుట్టించిన మాట పట్టుకుని అమ్మవారి చోటును అనుమానించారు. నేల ఎంత శుద్ధంగా ఉందో చూడండి" అని పార్థసారథి గారు చేతులు జోడించారు. సిద్ధాంతి గారు నవధాన్యాల మూట విప్పబోయారు.

సీతాబాయి కుండ కింద పెట్టి గొయ్యిలోకి దూకింది. కుప్ప పోసిన సున్నాన్ని రెండు చేతులతో పిసుకుతూ, మూలలు గోకుతూ, "ఉంటడు, ఈడనే ఉంటడు" అంటూ తిరిగింది. గోళ్ల సందుల్లో రక్తం వచ్చింది. "బొక్కలు కరిగినయనుకుందాం సారూ, మొలతాడన్న దొరకాలె గద! ఎండి మొలతాడు! మా అత్త పెట్టింది, మూడు ముడులేసి ఉంటది, ఎండి కరగది గద!"

గొయ్యిలో ఆమె పక్కనే నిలబడ్డ సాయిలు చేతిలోంచి పార జారి రాయి మీద పడింది. అందరం అటు చూశాం. గోడకు చేరబడి మెల్లగా కింద కూర్చుండిపోయాడు.

"మూడు ముడులా?" అన్నాడు.

సీతాబాయి పిసకడం ఆపింది.

"దూడ గాదు సారూ" అన్నాడు సాయిలు. ఆమెను చూడలేక మా ఆయన్ను చూస్తున్నాడు. "ఎనక గుంతల ఎల్లినయి గద బొక్కలు. దూడ గాదు. తలకాయ చూసిన. చెప్తే పోలీసులొస్తరు, పని బందైతది, కూలోళ్లు పస్తులుంటరని దూడ అన్న. పారేస్తననుకుంటే నువ్వు గానుగల ఏయమంటివి. మొలతాడు నేనే తీస్కున్న. నా పెండ్లాం ఎండి కడెం చేయించుకున్నది సారూ."

అప్పుడు అర్థమైంది అందరికీ. పడింది ఈ గుంటలోనే. ఎవరైనా వెతికితే ఇందులో దొరకకూడదని, మేనేజరు మనుషులు శవాన్ని పైకి లాగి, వెనక మాగే సున్నం అడుగున తొక్కేసి, ఈ గుంట పూడ్చేశారు. రామన్న అప్పటికే పారిపోయాడు. అతను చూసింది పడడం వరకే.

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన గొయ్యి వంక చూడడం లేదు. మా ఇంటి వైపు చూస్తున్నారు. సీతాబాయి కూడా అటే చూసింది. ఆమె ఏడవలేదు, అరవలేదు. గొయ్యిలోంచి తనంతట తానే పైకెక్కి, కొత్త కుండ అక్కడే వదిలేసి గుడిసె వైపు నడిచిపోయింది.

"ఇది మన కాలనీ దాటి పోకూడదండీ" అన్నారు పార్థసారథి గారు, స్నానానికి వెళుతూ. మా ఆయన సమాధానం చెప్పకుండా ఠాణాకు పోయారు. పొద్దు వాలాక వచ్చారు.

"శవం ఏదని అడిగారు" అన్నారు. "బట్టీవాళ్ల పేర్లు చెప్పమన్నారు. ఎక్కడున్నారో నాకేం తెలుసు? శవం లేందే కేసు రాసుకోం అన్నారు. జామ చెట్టు చూపించమంటావా?" ఆ మాట అంటూ గోడ మీద చెయ్యి వేసి, వేడి తగిలినట్టు తీసేశారు. ఆ గోడకు పూసింది కూడా ఆ గుంట సున్నమే. నలభై ఏళ్ల మనిషి పసిపిల్లాడిలా ఏడవడం అప్పుడే చూశాను. నేను ఓదార్చలేదు. నాకు జాలీ వేసింది, కోపమూ వచ్చింది.

పొద్దున లేచేసరికి ఆయన గునపం పట్టుకుని చెట్టు దగ్గర ఉన్నారు. కొమ్మల నిండా ఆకుపచ్చ పిందెలు. మొదటి కాపు.

"ఉన్నంతవరకు తీసి ఇస్తానే. మట్టితో సహా తీసి ఇస్తాను" అంటున్నారు. నాతో అంటున్నారో, తనతో తనే అనుకుంటున్నారో తెలియదు.

సీతాబాయి రాదనే అనుకున్నాను. వచ్చింది. రోజూ వచ్చే వేళకే, రోజూ తెచ్చే బిందెతోనే వచ్చింది. నుదుట బొట్టు లేదు. చేతులు బోడిగా ఉన్నాయి. నేరుగా వచ్చి గునపానికీ చెట్టుకూ మధ్య నిలబడింది.

"వద్దు సారు. ఎన్నిసార్లు తవ్వుతరు?"

మా ఆయన గునపం కింద పెట్టి, ఆ మట్టిలోనే కూలబడ్డారు.

సీతాబాయి పాదు పక్కన కూర్చుని, రాలిన ఆకులు ఏరి పక్కకు వేసింది. బిందె వంచి, రోజులా గుమ్మరించకుండా, సన్నటి ధారగా, దాహంతో ఉన్నవాడి దోసిట్లో పోసినట్టు పోసింది. అంతా ఇంకిపోయేదాకా చూసింది. అప్పుడు, అన్నేళ్లుగా నోట్లోంచి రానివ్వని పేరు, పక్కింటివాళ్లకు కూడా వినబడేలా పలికింది.

"పెంటయ్యా, నీళ్లు తాగు."